టవర్‌ను అందరూ ఒకేసారి పిలిస్తే: ఏజెన్సీ అంచున సెన్సర్ల పని చేయాలనుకునేవారికి

కరెంటు పోయి తిరిగొచ్చిన మరుక్షణం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏమవుతుందో ఖమ్మం వైపు బోరున్న రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని కింద ఉన్న మోటార్లన్నిటికీ ఆటో స్టార్టర్లు బిగించి ఉంటే అన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుగా నడిచేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యూజులు పోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలం వృథా అవుతోందని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. నీళ్ల సంగతి అలా ఉంచితే, ట్రాన్స్‌ఫార్మర్ బతకడానికి అనుభవమున్న లైన్‌మన్ చెప్పే మందు ఒకటుంది: ఒక్కో మోటారుకు ఒక్కో ఆలస్యం పెట్టుకోండి, అన్నీ కలిసి లేవనివ్వకండి.

వైర్‌లెస్ నెట్‌వర్కులోకి లక్షల పరికరాలను కలిపే పనిలో ఉన్న అసలు చిక్కు ఇదే. మీటరైనా సెన్సరైనా టవర్‌తో మాట్లాడాలంటే ముందు ‘నేనున్నాను, నాకు సమయం ఇవ్వు’ అని ఒక చిన్న పిలుపు పిలవాలి. 4జీలో ఆ పిలుపుకు 64 గుర్తులున్నాయి. పరికరం వాటిలో ఏదో ఒకటి తీసుకుంటుంది. ఒకే క్షణంలో రెండు పరికరాలు ఒకే గుర్తు తీసుకుంటే ఢీకొంటాయి, మళ్లీ పిలవాల్సిందే. 64 ఉన్నాయి కదా అని ధీమా పడొద్దు. పది పరికరాలు ఒకే క్షణంలో పిలిస్తే వాటిలో ఏవో రెండు ఢీకొనే అవకాశం సగానికి పైనే ఉంటుంది, లెక్క వేసి చూసుకోవచ్చు. ఇక కరెంటు రాగానే 600 మీటర్లు ఒక్కసారి మేలుకుంటే? ఢీకొన్నవి మళ్లీ పిలుస్తాయి, మళ్లీ ఢీకొంటాయి. అదే 600 మీటర్లు అరగంట వ్యవధిలో దేనికి తోచిన క్షణాన అది పిలిచేలా సర్దితే సగటున మూడు సెకన్లకు ఒక పిలుపు. టవర్‌కు అది బరువే కాదు.

ఈ సర్దుబాటు పరికరంలో ఒక సెట్టింగు. దాన్ని ఎవరు మారుస్తారు? హైదరాబాదులో కూర్చున్న ఇంజినీరు ఫర్మ్‌వేర్ రాసి పంపేస్తాడు. స్తంభం దగ్గర నిలబడి, డబ్బా మూత తీసి, ఈ పరికరం ఇక్కడ ఎంతకాలం బతుకుతుందో, ఎప్పుడు ఎంత మాట్లాడాలో చూసి సర్దే మనిషి వేరే ఉండాలి. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, ఇల్లెందు, అశ్వారావుపేట వైపు ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారికి, కేబుల్ లాగేవారికి, మోటార్లు బాగుచేసేవారికి, సెల్ రిపేరు దుకాణాలు నడిపేవారికి రాబోయే కాలంలో ఆ పని ఉందని నా నమ్మకం. దాన్ని పట్టుకోవడానికి ఏం తెలిసి ఉండాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు అంకెల సంగతి. 5జీకి అంతర్జాతీయ టెలికాం సమాఖ్య పెట్టిన లక్ష్యాల్లో ఒకటి, చదరపు కిలోమీటరుకు 10 లక్షల పరికరాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మొత్తం మనుషులు 10 లక్షల పైచిలుకు. అంటే జిల్లాలో ఎంతమంది ఉన్నారో దాదాపు అన్ని పరికరాలు ఒక్క చదరపు కిలోమీటరులో ఉన్నా నెట్‌వర్కు తట్టుకోవాలి. 2023లో అదే సమాఖ్య 2030 తరం నెట్‌వర్కులకు, అంటే మనం 6జీ అని పిలుచుకుంటున్నదానికి, ఒక చట్రం ఖరారు చేసింది. అందులో ఈ అంకె 10 లక్షల నుంచి 10 కోట్ల దాకా పోయింది.

మన దగ్గర చదరపు కిలోమీటరుకు 10 లక్షలు ఇప్పట్లో రావు. రానక్కర్లేదు కూడా. అడవి అంచున చిక్కు రద్దీలో కంటే దూరంలో ఉంది. ఊళ్లో అయితే కిలోమీటరుకో టవరు. ఇక్కడ ఒక్క టవరు గుట్టలు, వాగులు, జామాయిల్ తోటలు దాటి మైళ్ల దూరం చూసుకోవాలి. సెన్సర్లకు ప్రత్యేకించి చేసిన ఎన్‌బీ-ఐఓటీ అనే పద్ధతి 2016లో ప్రమాణంగా వచ్చింది. పాత జీపీఆర్ఎస్ కంటే 20 డెసిబెల్స్ లోతుకు, అంటే నూరు రెట్లు బలహీనమైన సిగ్నల్‌కు కూడా అందేలా దాన్ని తయారుచేశారు. అది ఎలా సాధ్యమైందంటే, ఒకే మాటను మళ్లీ మళ్లీ చెప్పించి. పరికరం నుంచి టవర్‌కు ఒక మాటను 128 సార్లు దాకా తిప్పి చెప్పవచ్చు. టవరు అంచున ఉన్న పరికరం ఒక్క రీడింగు పంపడానికి, టవరు పక్కనున్న నూట ఇరవై పరికరాలకు సరిపడే సమయాన్ని తినేయగలదు. అందుకే మన వైపు ఒక సెల్ అంచున ఐదువందల పరికరాలు చేరినా అది ‘చాలా ఎక్కువ’ కిందే లెక్క. ఆ ఐదువందల్లో కొన్నిటిని నాలుగు అడుగులు పక్కకో పైకో జరిపి తిప్పి చెప్పే అవసరం తగ్గించిన టెక్నీషియన్, మిగతావాటన్నిటికీ చోటు చేసిపెట్టినట్టే.

పని ఎక్కడుంది

కొన్ని పనులు ఇప్పటికే కళ్లముందున్నాయి. మిస్డ్ కాల్‌తో మోటారు వేసే సెల్ స్టార్టర్లు పల్లెపల్లెకూ వచ్చి ఏళ్లయింది. వాటిలో చాలావాటిలో ఉన్నది 2జీ మాడ్యూల్. జియోకు 2జీ లేదు. ఎయిర్‌టెల్ 2020 నాటికే 3జీ మూసేసింది. 2జీ కూడా శాశ్వతం కాదు. ఈ స్టార్టర్లను ఒక్కొక్కటిగా 4జీకి మార్చే పని ఎవరో చెయ్యాలి. కొత్తది అమ్మేటప్పుడు లోపలి మాడ్యూల్ ఏ తరానిదో చూడండి. ‘క్యాట్-1 బిస్’ అని ఉంటే మామూలు 4జీ టవర్‌తో మాట్లాడుతుంది, కొన్నేళ్లు నిశ్చింత. సిమ్ విషయం ఇంకా ముఖ్యం. మామూలు ప్రీపెయిడ్ సిమ్ వేస్తే రీచార్జి మరిచిన రోజు స్టార్టర్ మూగబోతుంది, తిట్లు మీకొస్తాయి. యంత్రాలకు వేరే సిమ్‌లున్నాయి. 2018 నుంచి వాటికి 13 అంకెల నంబర్లు ఇస్తున్నారు. కాలం, డేటా, ఎవరితో మాట్లాడాలన్న హద్దు అన్నీ ముందే ఖాయమై ఉంటాయి.

రెండోది కరెంటు మీటర్ల పని. దేశమంతటా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలని 2021లో మొదలైన కేంద్ర పథకం లక్ష్యం. 2024లో ఒక్క అదానీ సంస్థ మీటర్లకే రెండు కోట్లకు పైగా కనెక్షన్లు ఇవ్వడానికి ఎయిర్‌టెల్ ఒప్పందం చేసుకుంది. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, ఎటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి కాబట్టి భద్రాచలం నుంచి నాలుగడుగులు వేస్తే రాష్ట్రమూ మారుతుంది, డిస్కమూ మారుతుంది. పని వెతికేవారు రెండు వైపులా టెండర్లు, కాంట్రాక్టు సంస్థల ప్రకటనలు చూడాలి.

ఖమ్మంలో మిర్చి కోల్డ్ స్టోరేజీలు, అశ్వారావుపేట, దమ్మపేటల్లో ఆయిల్‌పామ్ తోటలకు డ్రిప్, సారపాక కాగితం మిల్లు, పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాలు, సింగరేణి గనుల చుట్టూ తిరిగే టిప్పర్లు: వేడి, తేమ, అదురు, ఒత్తిడి, జీపీఎస్ కొలిచే పరికరాలకు చోటున్న జాగాలే ఇవన్నీ. ఫ్యాక్టరీ లోపలి పనికి పోటీ ఎక్కువ, కానీ జీతం నెలనెలా వస్తుంది. తోటల పని సీజనుది. నా మటుకు నేను, మొదట కోల్డ్ స్టోరేజీ లాంటి ఒక గోడల మధ్య పని పట్టుకుని చెయ్యి తిరిగాక అడవి వైపు రమ్మంటాను.

అన్నిటికంటే మనసు పెట్టాల్సింది మాత్రం గోదావరి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. పెద్ద నది మీద కేంద్ర జలసంఘం గేజీలున్నాయి. ఊళ్లను తెల్లారేసరికి చుట్టుముట్టేవి మాత్రం చిన్న వాగులు. ఒక వాగు కల్వర్టు కింద నీటిమట్టం కొలిచే సెన్సర్ పెట్టే పని వచ్చిందనుకోండి. జనవరిలో అది రోజుకు రెండుసార్లు మాట్లాడినా చాలు. జూలైలో పావుగంటకోసారి మాట్లాడాలి. చాలామంది ఇక్కడ ఆఫీసు నుంచి కమాండ్ పంపి సమయం మారుద్దామనుకుంటారు. బ్యాటరీ ఆదా కోసం గాఢనిద్రలో ఉన్న పరికరానికి బయటి నుంచి ఏ కమాండూ అందదు. అది తనంతట తాను లేచినప్పుడే వింటుంది. వాగు పొంగాక కమాండ్ పంపితే అది చదివేసరికి పన్నెండు గంటలు గడవొచ్చు. కాబట్టి ‘ఇంత ఎత్తు దాటితే నువ్వే లేచి వెంటనే చెప్పు, ఆ తర్వాత పావుగంటకోసారి చెప్పు’ అన్న నియమం పరికరం లోపలే ఉండాలి. వరదలో కరెంటు పోతుంది, కొన్ని గంటలకు టవరు బ్యాటరీ కూడా అయిపోతుంది. అప్పుడు తీసిన రీడింగులను సమయంతో సహా లోపల దాచుకుని, దారి దొరికాక పంపే పరికరమే కావాలి. కొనేవారు అడగకపోయినా మీరు అడగండి.

బ్యాటరీ లెక్క

‘పదేళ్ల బ్యాటరీ’ అని డబ్బా మీద రాసి ఉంటుంది. దాన్ని నమ్మేముందు ఒక కాగితం తీసుకోండి. డి సైజు లిథియం సెల్ ఒకటి, 3.6 వోల్టులది, 19 ఆంపియర్ అవర్లు, అంటే 19,000 మిల్లీఆంపియర్ అవర్లు. పరికరం ఒకసారి లేచి రీడింగు పంపి పడుకోవడానికి 10 సెకన్లు పట్టి, ఆ కాసేపు సగటున 100 మిల్లీఆంపియర్లు తాగిందనుకుందాం. అది 1,000 మిల్లీఆంపియర్ సెకన్లు. 3,600తో భాగిస్తే 0.28 మిల్లీఆంపియర్ అవర్. గంటకోసారి పంపితే రోజుకు 6.7. 19,000ని దాంతో భాగిస్తే సుమారు 2,850 రోజులు, ఏడున్నరేళ్ల పైన. సెల్ తనంతట తాను కొంత ఖాళీ అవుతుంది, నిద్రలోనూ చుక్క చుక్క తాగుతుంది. ఆరేళ్లు వచ్చినా సంతోషమే.

ఇప్పుడు అదే పరికరాన్ని సిగ్నల్ లేని మూల పెట్టండి. మాటను పదేపదే చెప్పడం వల్ల 10 సెకన్ల పని 60 సెకన్లవుతుంది. రోజుకు 40 మిల్లీఆంపియర్ అవర్లు. 19,000ని 40తో భాగిస్తే 475 రోజులు. ఏడాదిన్నర కూడా నిండకుండా చర్ల అడవిలోకి ఇంకోసారి బ్యాటరీ పట్టుకుని పోవాలి. బ్యాటరీ ఖరీదు కొన్ని వందలు. బండి పెట్రోలు, ఒక రోజు కూలి, తోడు వచ్చే మనిషి ఖర్చు కలిపితే దానికి ఎన్నో రెట్లు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగితే కాంట్రాక్టరు మిమ్మల్ని బిగించేవాడిలా కాకుండా సలహా అడగాల్సిన మనిషిలా చూస్తాడు.

చోటు చూడటం

సిగ్నల్‌ను ఫోన్ గీతలతో కొలవకండి. ఆర్ఎస్ఆర్‌పీ అనే అంకె చూపించే ఉచిత యాప్‌లున్నాయి. అది మైనస్‌లో ఉంటుంది. మైనస్ 90 లోపు ఉంటే హాయి. మైనస్ 110 దాటితే ఆలోచించాలి. మైనస్ 120 దగ్గర మామూలు 4జీ పరికరం తడబడుతుంది. అయితే ఫోన్ చెప్పేది ఫోన్ సంగతి. అసలు పరికరాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి ఏటీ కమాండ్లతో (మోడెంకు ఇచ్చే చిన్న ఆదేశాలతో) అడగడం నేర్చుకోండి. సీఎస్‌క్యూ అన్న కమాండ్‌కు 0 నుంచి 31 లోపు అంకె వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి 113 లోంచి తీసేస్తే వచ్చేది మైనస్ డీబీఎం: 10 వస్తే మైనస్ 93. 99 వచ్చిందంటే సిగ్నలే తెలియడం లేదని. యాంటెన్నా వదులుగా ఉందేమో ముందు చూడండి.

ఇనుప పెట్టెలో పరికరం పెట్టి మూత బిగించడం చాలామంది చేసే పని. మూత తెరిచినప్పుడు వచ్చిన సిగ్నల్ మూయగానే మాయమవుతుంది. పెట్టె ఇనుపదైతే యాంటెన్నా బయట ఉండాలి, స్తంభానికి అంటుకోకుండా జానెడు ఎడంగా ఉండాలి. కొలతలన్నీ మూత వేశాకే తీసుకోండి. వైరు పెట్టెలోకి కిందివైపు నుంచే రావాలి, అదీ గ్లాండ్ బిగించి. పైనుంచి వస్తే వాన నీరు వైరు పట్టుకుని లోపలికి జారుతుంది. చీమలు, కందిరీగలు చిన్న సందున్నా గూడు పెడతాయి. కోతులు తిరిగేచోట యాంటెన్నా వైరును పైపులో పెట్టకపోతే నెల తిరగదు.

ఇక అడవి విషయం. ఇక్కడ టేకు ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే కొమ్మల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది, సిగ్నల్ బాగుంటుంది, సర్వే రిపోర్టులో ‘ఓకే’ అని రాసి వస్తారు. జూన్ వానలకు చెట్టు నిండా అరచేతుల్లాంటి ఆకులు వస్తాయి, అవి తడుస్తాయి. తడి ఆకు రేడియో తరంగాన్ని బాగా పీల్చేస్తుంది. ఆగస్టుకల్లా అదే పరికరం రోజుకు రెండు రీడింగులు కూడా పంపలేకపోతుంది. ఎండాకాలంలో సర్వే చేస్తే వచ్చిన అంకె నుంచి కనీసం పది డెసిబెల్స్ తీసేసి లెక్క వేసుకోండి. వీలైతే ఆగస్టులో మరోసారి వెళ్లి కొలవడానికి డబ్బు ఒప్పందంలోనే రాయించుకోండి. ఆకుల గుండా 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్లు బాగా పోతాయి. 1800, 2300 అంతగా పోవు. పరికరం ఏ బ్యాండులో కూర్చుందో కూడా ఏటీ కమాండ్‌తో తెలుస్తుంది. ఆ ఒక్క సంగతి రాసుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది.

టవరే లేనిచోట లోరా అనే రేడియో పద్ధతి ఉంది. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న బ్యాండులో లైసెన్సు లేకుండా తక్కువ శక్తితో వాడుకోవచ్చు. గుట్ట మీదో బడి కప్పు మీదో ఒక గేట్‌వే పెడితే చుట్టూ ఉన్న సెన్సర్లు దాంతో మాట్లాడతాయి. అడ్డు లేకపోతే పదేసి కిలోమీటర్లు పోతుంది, దట్టమైన అడవిలో అందులో చిన్న భాగమే దక్కుతుంది. ఇందులో సమయం పంచే పెద్దమనిషి ఎవరూ లేరు. ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడటమే. ఈ పద్ధతి 1970 దశకం మొదట్లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా నెట్‌వర్కు నాటిది. అలా మాట్లాడుకుంటే గాలిలో ఉన్న సమయంలో మహా అయితే 18 శాతమే పనికొస్తుందని అప్పుడే లెక్క తేలింది. అందువల్ల లోరాలో దూరం కోసం ఎస్ఎఫ్-12 సెట్టింగు అన్నిటికీ పెట్టేయకండి. ఎస్ఎఫ్-7తో పోలిస్తే అది ఒక్క మాటకు ఇరవై రెట్లకు పైగా సమయం తీసుకుంటుంది. దగ్గరివాటిని ఎస్ఎఫ్-7లో ఉంచి, నిజంగా దూరమున్నవాటికే పెద్ద అంకె ఇవ్వండి.

ఉపగ్రహం మూడో దారి. 2020 డిసెంబరులో బీఎస్ఎన్ఎల్, స్కైలో అనే సంస్థ కలిసి ఉపగ్రహం ద్వారా ఎన్‌బీ-ఐఓటీ సేవను ప్రకటించాయి. 2022 ప్రమాణాల్లో ఇది అధికారికంగా చేరింది. ఖర్చు ఎక్కువ కాబట్టి ప్రతి సెన్సర్‌కూ పెట్టలేం. లోరా గేట్‌వే ఒక్కదానికి ఉపగ్రహం తగిలించి, దాని కింద నూరు సెన్సర్లు పెట్టే ఏర్పాటు సరిహద్దు గూడేలకు సరిపోతుంది. ఈలోగా మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో ఉన్న 2,343 2జీ టవర్లను 4జీకి మార్చడానికి 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది. మీ మండలంలో ఏ టవరు మారిందో నెలకోసారి కనుక్కుంటూ ఉండండి. టవరు మారిన చోట పరికరాల పని కూడా మొదలవుతుంది.

అడవిలోకి పోయేముందు

ఇది వివరంగా చెబుతాను, ప్రాణాలతో పని కాబట్టి. వైర్లు, బ్యాటరీలు, చిన్న పెట్టె, చేతిలో ఏదో నొక్కే పరికరం: ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఇవన్నీ ఒక సంచిలో వేసుకుని ఒంటరిగా తిరిగే కుర్రాడిని చూసి ఎవరైనా అనుమానపడతారు. మందుపాతరల చరిత్ర ఉన్న నేల అది. సంస్థ ఇచ్చిన పని ఉత్తర్వు, గుర్తింపు కార్డు, పరికరం ఫొటో ఉన్న కాగితం దగ్గర పెట్టుకోండి. వెళ్లేముందు పోలీస్ స్టేషన్‌లోనూ, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కూ, ఊరి పెద్దకూ చెప్పండి. ఊరివాళ్లు నడిచే బాటలోనే, ఊరి మనిషితోనే నడవండి. అడవి పందుల కోసం వేటగాళ్లు కరెంటు తీగలు పరిచే అలవాటు ఈ అడవుల్లో ఉంది. చీకటి పడ్డాక పొదల్లో అడుగు పెట్టొద్దు. కరెంటు స్తంభం ఎక్కే పనైతే లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకోకుండా ఎక్కొద్దు, ‘ఐదు నిమిషాల పనే’ అని ఎవరు తొందరపెట్టినా సరే.

రిజర్వు ఫారెస్టులో పోలు పాతాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. కిన్నెరసాని అభయారణ్యంలో నియమాలు ఇంకా గట్టివి. ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరున మారదు. గేట్‌వే కోసం ఎవరి స్థలమో నోటిమాట మీద తీసుకుంటే రేపు ఊరికీ మీకూ ఇబ్బంది. పంచాయతీ భవనమో బడో ఎంచుకుని, గ్రామసభ తీర్మానం కాగితం మీద ఉంచుకోవడం శుభ్రమైన దారి. గ్రామసభలో ఈ పెట్టె ఏం కొలుస్తుంది, మనుషుల మాటలు వింటుందా, ఫొటోలు తీస్తుందా అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. కోయ భాషలో దానికి సమాధానం చెప్పగల టెక్నీషియన్‌కు ఉన్న విలువ ఏ సర్టిఫికెట్టుకూ లేదు. కోయ పిల్లలు ఈ పనిలోకి రావాలని నేను గట్టిగా కోరుకోవడానికి అదీ ఒక కారణం. పెట్టెను కాపాడేది తాళం కంటే ముందు ఊరి నమ్మకం.

రాసిపెట్టుకోవడం, తాళం వేయడం

ఇరవై పరికరాలు ఉన్నప్పుడు అన్నీ గుర్తుంటాయి. రెండువందలు అయ్యాక ఏ సిమ్ ఏ స్తంభం మీద ఉందో ఎవరికీ తెలియదు. బిగించిన రోజే ఒక షీటులో రాయండి: పరికరం 15 అంకెల ఐఎంఈఐ, సిమ్ మీద ఉండే 19 లేదా 20 అంకెల నంబరు, స్తంభం నంబరు, జీపీఎస్ స్థానం, మూత వేశాక తీసిన సిగ్నల్ అంకె, బ్యాండు, ఫర్మ్‌వేర్ వెర్షన్, తేదీ, రెండు ఫొటోలు (ఒకటి దగ్గర నుంచి, ఒకటి చుట్టూ చెట్లు కనిపించేలా). ఏడాది తర్వాత పరికరం మూగబోతే రెండో ఫొటోయే కారణం చెబుతుంది.

పాస్‌వర్డు మార్చకుండా ఏ పరికరాన్నీ వదలొద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రౌటర్లు లక్షల్లో పట్టుకుని ఇంటర్నెట్టులో పెద్ద పెద్ద సైట్లనే పడగొట్టింది. మన వాగు సెన్సర్‌ను ఎవరు పట్టించుకుంటారని అనుకోవద్దు. వాళ్లు ఊరు చూసి రారు, తెరిచి ఉన్న తలుపు చూసి వస్తారు.

ఏం నేర్చుకోవాలి, ఎక్కడ

కొన్ని ఐటీఐలలో ఐఓటీ టెక్నీషియన్ ట్రేడ్ ఉంది, వ్యవసాయానికి వేరుగా, నగరాలకు వేరుగా. మీ దగ్గర లేకపోతే ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ కూడా మంచి పునాదే. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునిక కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. దగ్గరి ఐటీఐకి వెళ్లి కొత్త కోర్సులేమున్నాయో అడగండి. గిరిజన యువత భద్రాచలం ఐటీడీఏ శిక్షణ కేంద్రంలో అడగాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యుడు సుదీప్ మిశ్రా ఐఓటీ మీద చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిషులో ఉన్నాయని వదిలేయకండి, ఆపి ఆపి చూడండి. హైదరాబాదు ఐఐటీలో పుట్టిన విసిగ్ నెట్‌వర్క్స్, సైయెంట్ కలిసి ‘కోలా’ అనే ఎన్‌బీ-ఐఓటీ చిప్ రూపొందించాయి. ఈ సాంకేతికత మనకు దూరపు వ్యవహారం కాదు.

చదువుతో పాటు చేత్తో ఒకటి చేయండి. ఈఎస్‌పీ-32 బోర్డు ఒకటి, ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి వెయ్యి రూపాయల లోపే వస్తాయి. ఇంట్లో నీళ్ల ట్యాంకుకు పెట్టండి. కరెంటు తీసి వేసినప్పుడు వెంటనే కాకుండా ఎంతోకొంత యాదృచ్ఛిక సమయం ఆగి మాట్లాడేలా రాయండి. మూడు నెలలు ఆపకుండా నడపండి. ఇంటర్వ్యూలో ఆ మూడు నెలల రీడింగులు, మధ్యలో ఎందుకు ఆగిందో మీరు రాసుకున్న నోటు చూపించండి.

పని ఒప్పుకునేటప్పుడు

ఈ రంగంలో ఎక్కువ పని సబ్ కాంట్రాక్టు మీద, పరికరానికి ఇంత అని లెక్క కట్టి వస్తుంది. ఊళ్లో రోజుకు పది బిగించవచ్చు, చర్ల అవతల రెండే అవుతాయి. ఒకే రేటుకు ఒప్పుకుంటే మీరు మునుగుతారు. దూరాన్ని బట్టి రేటు విడగొట్టమని అడగండి. పరికరం చెడిపోయి మళ్లీ వెళ్లాల్సి వస్తే ఎవరి ఖర్చు? బిగించడంలో లోపమైతే మీదే, సిమ్ ఆగిపోయినా, టవరు పడిపోయినా, ఫర్మ్‌వేర్ చెడినా వాళ్లదేనని రాయించుకోండి. మీ షీటులో సిగ్నల్ అంకె, తేదీ, ఫొటో ఉంటే ఆ తగాదాలో మీ మాట నిలుస్తుంది. ఎత్తెక్కే బెల్టు, ప్రమాద బీమా వాళ్లే ఇవ్వాలి. నెల జీతం మీద తీసుకుంటే, 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్ఐ వర్తిస్తుంది. మొదటి నెల పే స్లిప్పులో ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే రెండో నెల దాకా ఆగకుండా అడగండి. అడవిలో కాలు జారినా, స్తంభం మీద షాక్ కొట్టినా ఈఎస్ఐ ఆసుపత్రిలో మొదట అడిగేది ఆ ఈఎస్ఐ నంబరే.